ఉన్ని అనే చెప్పిందండి

మూడే మూడు ముక్కల మాట. దాన్ని మోస్తూనే నా జుట్టు నెరిసింది.

అప్పుడు చంకలో ఉన్న నా పెద్దకొడుకుకి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఆ మాట విన్నవాళ్లలో చాలామంది వెళ్లిపోయారు. ఉన్నవాళ్లకు గుర్తుండి ఉండదు. ఎందుకు గుర్తుంటుంది? వాళ్లకదో చిన్న గొడవ. ఒక తద్దినం నాడు వంట మైలపడింది, మళ్లీ వండారు, అంతే. నాకు మాత్రం రోజూ ఏదో ఒక వేళ, దారం చేతిలోకి తీసుకున్నప్పుడల్లా, ఆ మాట నా గొంతుతోనే నాకు వినిపిస్తుంది. నేను దారం పట్టని రోజు లేదు.

ఇది చదివే మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే నయం. తెలిసినవాళ్లయితే మొదలుపెట్టగానే "పోనిద్దురూ, చిన్నతనం" అంటారు. అలా అనిపించుకోవడం నాకిష్టం లేదు. నాకప్పుడు పద్దెనిమిదో పంతొమ్మిదో. అబద్ధమేదో నిజమేదో తెలియని వయసు కాదది.

మాది ధవళేశ్వరం. మా వారు ఆనకట్ట ఆఫీసులో గుమాస్తా. ఇంట్లో పెత్తనమంతా మా అత్తగారిది. చిన్న వయసులోనే భర్త పోయిన మనిషి, మడీ ఆచారమూ మహా గట్టి. తెల్లవారి స్నానం చేసి మడి కట్టుకున్నారంటే మధ్యాహ్నం భోజనం అయ్యేదాకా ఎవర్నీ తాకరు. నూలుబట్ట కట్టిన మనిషి తగిలితే మడి పోయినట్టే, మళ్లీ తలస్నానం. వానాకాలంలో మడిబట్ట ఆరకపోతే ధావళి కట్టుకునేవారు. ధావళి ఉన్నిబట్ట కాబట్టి దానికి మైల అంటదు. పట్టుకీ అంటదు. నూలుకే అంటుకుంటుంది. ఈ పద్ధతి మాకెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, అన్నం తినడం వచ్చినట్టే వచ్చింది.

ఈ పద్ధతి వల్లే ఎస్తేరు మా అరుగు దాకా రాగలిగింది. దీనివల్లే పోయింది కూడా.

ఎస్తేరు ఊరి చివర పేటలో కిరస్తానీల పిల్ల. వాళ్ల నాన్న ఆనకట్టకి రాళ్లు మోసినవాడు. మిషను దొరసానిగారి బడిలో చదువూ, కుట్టూ, అల్లికా నేర్చుకుంది. గోషాలో ఉండే మాలాంటి ఇళ్ల ఆడవాళ్లకు అక్షరాలూ అల్లికా నేర్పడానికి దొరసానిగారు మనుషుల్ని పంపేవారు. మా వీధికి ఎస్తేరుని పంపారు. నాకన్నా రెండేళ్లు పెద్దదేమో. గడప తొక్కకూడని కులం కాబట్టి వీధి అరుగు కింద మెట్టు మీద కూర్చునేది. నేను గడపకి ఇవతల, తలుపు చాటున. మధ్యలో అరుగు.

మొదట్లో అత్తగారు ససేమిరా అన్నారు. మా వారు ఏదో నచ్చజెప్పారు, ఆఫీసులో పైవాళ్ల మాట కాదంటే బాగుండదని. ఆఖరికి అత్తగారే దారి చూపించారు. ఆ పిల్ల తెచ్చేది ఉన్నే కదా, ఉన్నికి మైల లేదు, ఉండ అరుగు మీద దొర్లిస్తే నువ్వందుకో, మనిషిని తాకకు, అన్నారు. అలా మొదలైంది నా చదువు. ఎస్తేరు ఉన్ని ఉండ దొర్లించేది, నేను అందుకునేదాన్ని. తప్పు అల్లితే తిరిగి దొర్లించేదాన్ని, విప్పి చూపించేది. ఒకే దారం ఒక కొస ఆమె చేతిలో, ఒక కొస నా చేతిలో ఉండేది. మనుషులం తాకకూడదు, దారం తాకవచ్చు. అప్పుడది నాకు విడ్డూరంగా కూడా తోచలేదు.

అల్లిక నాకు పిచ్చిగా పట్టుకుంది. ఒప్పుకోవాలి, నాకు చెయ్యి తిరిగిన పని ఇంకోటి లేదు. వంటలో ఉప్పో కారమో తప్పేది, ముగ్గు వంకర పోయేది. దారం మాత్రం నా మాట వినేది. మేజోళ్లు అల్లాను, మా వారికి మెడపట్టీ అల్లాను. పక్కింటివాళ్లు చూసి మెచ్చుకుంటే ఒళ్లు పొంగిపోయేది. ఆ పొంగే నా కొంప ముంచింది. కాదు, నా కొంప ముంచలేదు. వేరేవాళ్ల కొంప ముంచింది. చూశారా, ఇప్పటికీ నా గోడే ముందు వస్తుంది.

పిల్లాడు పుట్టాడు. మంచు రోజులకి పాకుతున్నాడు. చలికి తల తడవకుండా ఉన్ని టోపీ అల్లి పెట్టాను. ఉన్ని గీరి వాడి నెత్తంతా ఎర్రగా పేలింది. ఏడుపే ఏడుపు. టోపీ తీస్తే జలుబు, పెడితే ఏడుపు.

ఎస్తేరు దగ్గర నూలు అల్లిక ఒకటి చూశాను. ముక్కు వంగిన చిన్న సూదితో సన్నటి తెల్లదారం మీద చేసేది. ఇప్పుడందరూ లేసు అంటున్నారే, అదే. ఉన్నితో ఆ నాజూకు రాదు. ఆరు రేకుల పువ్వొకటి ఆమె సొంతంగా వేసేది. రేకు కొసన చిన్న మెలి తిప్పేది, దాంతో పువ్వు పడుకోకుండా లేచి నిలబడేది. ఆ పువ్వులతో పిల్లాడికి టోపీ అల్లిపెట్టమని నేనే అడిగాను. నేనే. ఆమె అననే లేదు.

ఆమె ఒప్పుకోలేదు మొదట. నూలు కదండీ, మీ ఇంట్లో తగువులొస్తాయి అంది. ఎవరికీ తెలియదులే అన్నాను. తెచ్చిన రోజున కూడా అరుగు మీద పెడుతూ మరీమరీ చెప్పింది, ఇది నూలు, నీళ్లలో తడిపి ఆరేసి అప్పుడు వాడుకోండి, అప్పుడు మీ ఆచారానికీ ఇబ్బంది ఉండదు అని. అంటే మా మడి గురించి మాకంటే ఆమే ఎక్కువ జాగ్రత్తపడింది. నేను తల ఊపాను. తడపలేదు. తడిపితే గంజి పోయి రేకులు వాలిపోతాయి. నాకు ఆ రేకులు నిలబడి ఉండాలి. అందుకని అలాగే పెట్టాను పిల్లాడి నెత్తిన. అత్తగారితో కొత్త ఉన్ని, దొరల దేశం నుంచి వచ్చింది, సన్నంగా ఉంటుంది అని చెప్పాను.

అదీ మొదటి అబద్ధం. చిన్నదే. ఎవరికీ నష్టం లేదనుకున్నాను.

పిల్లాడు ఏడుపు మానేశాడు. పేలిన నెత్తి తగ్గింది. ఇంకో సంగతి కూడా జరిగింది. మడిలో ఉన్న మనిషి గుడ్డ కట్టిన పిల్లల్ని తాకరు కానీ, ఒంటిమీద నూలుపోగు లేని పసివాడికి మైల లేదు. అందుకని పొద్దుటిపూట వాడి చొక్కా విప్పేసి అత్తగారి దగ్గరికి వదిలేదాన్ని. టోపీ మాత్రం ఉంచేదాన్ని, ఉన్నిదే కదా. ఆవిడ మడిబట్టతోనే వాడిని ఎత్తుకుని, ఆ పువ్వుల మీద చెయ్యి వేసి నిమిరేవారు. అంత గట్టి మనిషి ముఖం అప్పుడు ఎంత మెత్తబడేదో నేను చూశాను. పాపం చేస్తున్నానని తెలిసీ ఆ ముఖం చూసి సంతోషపడేదాన్ని.

ఆ నెలలోనే మా మామగారి తద్దినం. మా వారి మేనత్తగారు ముందురోజే వచ్చారు, అంటే మా అత్తగారి ఆడపడుచు. వారి ముందు అత్తగారు కూడా కాస్త ఒదిగి ఉండేవారు. ఆ ఉదయం పిల్లాడి చొక్కా విప్పాను. టోపీ తియ్యాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించాను. తద్దినం కదా, వంట కదా, తీసేద్దాం అని చెయ్యి వెళ్లింది కూడా. తియ్యలేదు. మేనత్తగారు ఆ పువ్వులు చూడాలి. చూసి ఎవరు అల్లారు అని అడగాలి. ఇంతకంటే వేరే కారణం ఏమీ లేదు. వెతికాను, ఏళ్ల తరబడి వెతికాను ఇంకేదైనా కారణం ఉందేమోనని.

వాడు పాక్కుంటూ వంటింట్లోకి వెళ్లాడు. అత్తగారు పొయ్యి దగ్గర నుంచి లేచి ఎత్తుకున్నారు. ఒక చేత్తో వాడు, ఒక చేత్తో గరిటె. వాడు చెయ్యి చాపి నీళ్ల చెంబు లాగాడు. తలంతా తడిసింది. మేనత్తగారు పక్కనే ఉండి, అయ్యో జలుబు చేస్తుందని టోపీ తీసి పిండారు. పిండి, అలాగే ఆగిపోయారు. ముక్కు దగ్గర పెట్టుకున్నారు. జన్మంతా ధావళి కట్టిన మనిషి, తడిసిన ఉన్ని ఎలా కంపు కొడుతుందో ఆవిడకి తెలియదా? వాసన లేదేమిటి వదినా దీనికి, అన్నారు.

తర్వాత చెప్పేదేముంది. పొయ్యి మీద గిన్నెలన్నీ దింపేశారు. వండిందంతా పారబోశారు. భోక్తలు వాకిట్లో కూర్చునే ఉన్నారు, పొద్దెక్కిపోతోంది. ఎవరూ ఏమీ తినలేదు. అందరూ మళ్లీ స్నానాలు చేసి, మళ్లీ పొయ్యి అలికి, మొదటినుంచీ వంట. మా వారు నావైపు చూడలేదు. ఆ రోజంతా నన్నెవరూ ఏమీ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేసేదాన్నేమో. ఏమో. అదీ నాకు నేను చెప్పుకునే ఊరటే.

మర్నాడు ఎప్పటిలాగే ఎస్తేరు వచ్చింది. ఏమీ తెలియకుండా, సంచీతో. అప్పటికే అరుగు మీద మేనత్తగారు, అత్తగారు, ఇటు అటు ఇళ్లలోంచి వచ్చిన పెద్దవాళ్లు. ఆమె మెట్టు దగ్గర ఆగిపోయింది. నన్ను గుమ్మంలోకి పిలిచారు.

అత్తగారు టోపీ వైపు చూపించి, నావైపు తిరిగి అడిగారు.

"ఏమమ్మాయీ, ఇది ఉన్ని అని చెప్పి ఇచ్చిందా ఆ పిల్ల?"

"ఉన్ని అనే చెప్పిందండి."

ఎస్తేరు నావైపు చూసింది. కోపంగా కాదు. నేను సరిగ్గా వినలేదేమో అనుకున్నట్టు.

"కాదండి అమ్మగారూ. నూలండి అది. నూలని చెప్పే ఇచ్చానండి. తడిపి ఆరేసుకోమని కూడా చెప్పాను. మీ కోడలుగారికి తెలుసండి."

"తెలుసుటే నీకు?" అన్నారు మేనత్తగారు.

"తెలియదండి."

అంతే. ఆ వీధిలో దారం పట్టుకున్న ఆడవాళ్లలో అందరికంటే మంచి చెయ్యి నాది అని చెప్పుకునే నేను, ఉన్నికీ నూలుకీ తేడా తెలియదన్నాను. పసిపిల్ల కూడా నమ్మని మాట. అందరూ నమ్మారు. ఎందుకు నమ్మారో మీకు వేరే చెప్పక్కర్లేదు. నేను గడపకి ఇవతల ఉన్నాను, ఆమె మెట్టు కింద ఉంది.

మేనత్తగారు కావాలనే ఇల్లు మైలపరిచావని, మతంలో కలుపుకోవడానికే ఈ ఎత్తులని ఏమేమో అన్నారు. ఎస్తేరు నిలబడి అన్నీ వింది. తర్వాత సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయింది. ఆమె సూది ఒకటి నా దగ్గరే ఉండిపోయింది. ఇచ్చెయ్యమని ఎవరూ అనలేదు, నేనూ అనలేదు.

వీధిలో అన్ని తలుపులూ మూసుకున్నాయి. ఆమె దగ్గర చదువుకుంటున్న పిల్లలు మానేశారు. నాలుగు రోజులకి దొరసానిగారే వచ్చారు, బండిలో. ఎస్తేరు అబద్ధమాడే మనిషి కాదు, ఏం జరిగిందో సరిగ్గా చెప్పండి అని అడిగారు. మా వారు అరుగు మీద నిలబడి మాట్లాడారు. మధ్యలో తలుపు దగ్గరికి వచ్చి, నువ్వింకేమైనా చెప్పాలా అని నన్ను నెమ్మదిగా అడిగారు. ఆ గొంతులో ఒక అనుమానం ఉంది. ఒక అవకాశం కూడా ఉంది. నేను తల అడ్డంగా ఊపాను.

తర్వాతి ఏడు ఎస్తేరుకి బడిలో పంతులమ్మ పని ఇవ్వాల్సిందట. ఇళ్లలో నేర్పే మనిషిని ఇళ్లవాళ్లే రానివ్వకపోతే ఏం చేస్తారు? ఇవ్వలేదు. మొగల్తూరు వైపు వాళ్ల పిన్ని ఉంటే అక్కడికి వెళ్లిపోయిందని, నాట్లకి వెళ్తోందని పాలమనిషి మాటల్లో చెప్పింది. నేను విని లోపలికొచ్చి అల్లిక పట్టుకున్నాను. ఆ వేళ్లతో బురదలో నాట్లా అనుకున్నాను. అనుకుని ఏం చేశాను? ఆ రోజు పువ్వు బాగా కుదిరింది. ఇది రాస్తుంటే నాకే అసహ్యంగా ఉంది.

ఏళ్లు గడిచాక అత్తగారు మంచాన పడ్డారు. ఒకరోజు కాళ్లు ఒత్తుతుంటే, వాడి నూలు టోపీ ఎంత బాగుండేదో అన్నారు. నా చేతులు ఆగిపోయాయి. ఆవిడ చెప్పుకుంటూ పోయారు. జందేలకి తకిలి మీద నూలు వడికిన చేతులవి, చిన్నప్పటినుంచీ. మొదటిరోజు ముట్టుకోగానే తెలిసిందట నూలని. పిల్లాడు ఏడుపు మానాడు కదా, మడిలో కూడా ఎత్తుకోవచ్చు కదా అని ఊరుకున్నారట. మరి ఆ రోజు నన్నెందుకలా అడిగారని నేను అడగలేదు. ఆవిడే చెప్పారు. నిజం బయటపడితే ఆడపడుచు ముందు తనూ దొరికిపోయేవారట. అందుకే ఉన్ని అని చెప్పిందా అని అడిగారట. నువ్వు తెలివైనదానివి, పట్టుకున్నావు అన్నారు.

నిజమే. ఆవిడ ఎటు వెళ్లాలో చూపించారు, నేను వెళ్లాను. ఆ అరుగు మీద నిజం తెలిసినవాళ్లం ముగ్గురం. ఇద్దరం అబద్ధం వైపు నిలబడ్డాం. ఆ తర్వాత కొన్నాళ్లు, తప్పు సగం ఆవిడదే కదా అని తేలిగ్గా ఉండబోయాను. కుదరలేదు. ఆవిడ అడిగారు, అంతే. చెప్పింది నేను.

ఆవిడ పోయాక ఒకసారి నరసాపురం పెళ్లికి కాలవ మీద పడవలో వెళ్తున్నాం. ఒక లాకు దగ్గర పడవ ఆగింది. నీళ్లు సమానమయ్యేదాకా ఆగాలి కదా. గట్టు మీద గడ్డిమోపుతో ఒక మనిషి, పక్కన ఇద్దరు ఆడపిల్లలు. ఎస్తేరు. బాగా నల్లబడింది, బుగ్గలు లోపలికి పోయాయి. నన్ను చూసింది. గుర్తుపట్టింది, ఆ సంగతి నాకు తెలుసు. పిల్లల్ని చెయ్యి పట్టుకుని, తమ నీడ మాకు తగలకుండా గట్టు దిగి అవతలకి జరిగింది. అంటే మా ఆచారం మళ్లీ ఆమే చూసుకుంది.

నీళ్లు నెమ్మదిగా దిగుతున్నాయి. కావలసినంత సమయం ఉంది. పడవలో మా వాళ్లంతా ఉన్నారు. ఒక్క కేక వేస్తే చాలు. ఏమని? నోరు పెగల్లేదు. పెగల్లేదనడం కూడా మర్యాదకే. నేను తెరవలేదు. లాకు తలుపులు తెరిచారు, పడవ కదిలింది. ఆమె వెనక్కి తిరగలేదు.

ఇప్పుడు మా వీధిలో లేసు పట్టని ఇల్లు లేదు. కూతుళ్లకీ కోడళ్లకీ అందరికీ నేనే నేర్పాను. మొన్న మా కోడలు ఎవరో చుట్టాలకి ఆ ఆరు రేకుల పువ్వు చూపిస్తూ, ఇది మా అత్తగారు కనిపెట్టిందండి అంది. వాళ్లు నావైపు చూశారు. ఏదో అలా చేతికొచ్చింది అన్నాను. ఇన్నేళ్లకి కూడా. ఎవరూ బెదిరించలేదు, అక్కడ మేనత్తగారు లేరు, మడి లేదు, తద్దినం లేదు. ఊరికే, పేరు కోసం.

ఆ సాయంత్రం నుంచీ ఇది రాస్తున్నాను. కోడలు కంటబడితే పడనీ. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఎస్తేరు బతికి ఉందో లేదో తెలియదు, ఉంటే ఆమెనీ అడగను. అడిగితే మళ్లీ నా మర్యాద కోసం ఆమే పక్కకి జరగాలి.

ఆ అరుగు మీద చెప్పాల్సిన మాటలు ఇవి. నూలని ఆమె చెప్పింది. నేను విన్నాను. తడపమంటే తడపలేదు. అబద్ధమాడింది నేను, ఎస్తేరు కాదు. ఆ పువ్వు కూడా ఆమెదే.

రాశాను. ఇప్పుడు ఊపిరి అందుతోంది.